గంధంతో మింగిన మాత్ర

తిరుత్తణి కొండ మీద నిలిచిన స్వామికి ముందుగా నా సాష్టాంగ నమస్కారం. నెమలి వాహనం మీద అసురులతో యుద్ధం ముగించి వచ్చి, కోపమంతా చల్లార్చుకుని, ఆ కొండ మీద శాంతంగా నిలిచిన దేవుడు ఆయన. కాలి గోరు నుంచి తలవెంట్రుక దాకా ఈ శరీరంలో ఏది ఎంత ఉండాలో తెలిసి అల్లినవాడు. ఒకే తల్లి కడుపున ఇద్దరిని పుట్టించి, ఇద్దరికీ వేరువేరు శరీరాలు ఇచ్చినవాడు. ఆయన ఇచ్చిన నోటితోనే ఇన్నేళ్లూ ఆయన్ని పాడాను. ఆ నోటి వల్లే పదిమందిలో తల వంచుకున్నాను. రెండింటికీ ఆయనకే స్తోత్రం.

మాది తిరువళ్లూరులో పాత్రల అంగడి. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే తమిళం. మా నాన్న అంగడి కట్టేశాక మేడ మీద హాల్లో భజన గోష్ఠి నడిపేవాడు. తెలుగు అక్షరాలు నేను బడిలో నేర్చుకోలేదు. ఆయన చాప మీద పరిచిన పాటల కాగితాల్లో వేలు పెట్టి నేర్చుకున్నాను. ఇప్పుడు గోష్ఠికి వచ్చే పిల్లలు అవే తెలుగు పాటల్ని తమిళ లిపిలో ఫోనులో పెట్టుకుని పాడతారు. అదీ మంచిదే, పాట నిలుస్తోంది కదా.

జూలై నడుమ వచ్చే తమిళ నెల ఆడి పుట్టగానే మా గోష్ఠిలో అందరం ఉల్లి, వెల్లుల్లి మానేస్తాం. ఆడి కృత్తిక నాడు పూల కావళ్లు ఎత్తుకుని తిరుత్తణి మెట్లు ఎక్కుతాం. కొండ కింద, మొదటి మెట్టుకు పసుపు కుంకుమ పెట్టాక, మొదటి పాటను నాన్న ఎత్తుకునేవాడు. ఆయన పోయాక ఆ పాట నాకు వచ్చింది. నాకు చదువు లేదు, ఉద్యోగం లేదు. అంగడి బోర్డు మీద ఉన్నది మా ఆయన పేరు. ఆ మొదటి పాట ఒక్కటే నాది. ఆడవాళ్లు కూర్చున్నప్పుడు పురాణం చెప్పేది కూడా నేనే. నోరు దేవుడి గర్భగుడి లాంటిది, అందులోకి ఏది పోనిస్తామో చూసుకోవాలి అని ప్రతి ఆడి నెలా చెప్పేదాన్ని. ఎంత గట్టిగా చెప్పేదాన్నో తలుచుకుంటే ఇప్పుడు చెవులు వేడెక్కుతాయి.

నా చెల్లెలిది తిరుత్తణిలో కొండ కింద పూజ సామాన్ల అంగడి. మా అమ్మకు గొంతు దగ్గర థైరాయిడ్ వాపు ఉండేది. అది మా ఇద్దరికీ వచ్చింది. ఇద్దరం పొద్దున్నే డాక్టరు రాసిన చిన్న మాత్ర ఒకటి వేసుకుంటాం. పోయిన వేసవి మొదట్లో, ఆరోగ్యానికి మంచివంటూ మాత్రలు, పొడులు అమ్మే చుట్టం ఒకాయన మా చెల్లెలికి రెండు పెద్ద సీసాలు అమ్మాడు. థైరాయిడ్‌కు సెలీనియం కావాలి, మన తిండిలో చాలదు, పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి వేసుకోండి అని చెప్పాడట. చెల్లెలు నాకు ఫోను చేసింది. నేను రైలెక్కి వెళ్లాను. సీసాలు రెండూ పళ్లెంలో కొబ్బరికాయ పక్కన పెట్టుకుని ఇద్దరం కొండెక్కాం. అర్చన చేయించాం. పూజారి పళ్లెం స్వామి ముందు ఉంచి, తిరిగి ఇస్తూ కొంచెం గంధం పెట్టాడు.

తిరుత్తణి గంధం గురించి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. స్వామి ఒంటి మీది ఆ గంధాన్ని మేము నుదుట పెట్టుకోం. నీళ్లలో కలిపి తాగుతాం. ఒంట్లో ఏ జబ్బు ఉన్నా అదే మాకు మందు. ఆ రోజు చెల్లెలి అంగడిలో కూర్చుని, గంధం కలిపిన నీళ్లతోనే ఇద్దరం మొదటి మాత్ర మింగాం. సీసాను పసుపు గుడ్డలో చుట్టి తెచ్చి దేవుడి అరలో పెట్టాను. ఆ క్షణం నుంచి అది నా మనసులో మందుల లెక్కలోకి రాలేదు. పొద్దునా సాయంత్రం కళ్లు మూసుకుని, స్వామి పేరు తలుచుకుని మింగేదాన్ని. ఒక్క పూట తప్పలేదు.

వాసన ఎప్పుడు మొదలైందో నాకు తెలియదు. మన నోటి వాసన చివరగా తెలిసేది మనకే. మా ఆయన ముందు కనిపెట్టాడు, కానీ చెప్పలేదు. అంతకుముందు వంటింట్లోకి వచ్చి నా పక్కన నిలబడి కాఫీ తాగే మనిషి, గడప దగ్గరే నిలబడి మాట్లాడడం మొదలుపెట్టాడు. అంగడి అలసట అనుకున్నాను. దువ్వెనలో వెంట్రుకలు ఎక్కువ వస్తుంటే వయసు అనుకున్నాను. గోళ్ల మీద తెల్లటి గీతలు పడి, అంచులు పెళుసుగా విరుగుతుంటే గిన్నెలు తోమే సబ్బు అనుకున్నాను.

ఆడి నెల పుట్టింది. మేడ మీద గోష్ఠి కూడింది. అందరూ దగ్గర దగ్గరగా కూర్చుంటారు, నేను ముందు కూర్చుని వాళ్ల వైపు తిరిగి పాట అందిస్తాను. రెండో రోజో మూడో రోజో, పాట అయ్యాక వెనక వరసలో ఒకామె అంది, "ఈసారి మన పాటకి తాళింపు కూడా బాగా పడినాది." అందరూ నవ్వారు. ఏదో తమాషా అనుకుని నేనూ నవ్వాను. ఎవరూ నా వైపు చూడకపోవడం గమనించాకే ఆ మాట నా గురించి అని తెలిసింది.

ఇంటికి దిగి స్టీలు లోటాలోకి ఊది వాసన చూశాను. వెల్లుల్లి. అనుమానం లేదు. పచ్చి వెల్లుల్లి నలిపినట్టే ఉంది.

నేను తినలేదు. మా ఇంట్లో ఆ నెల వెల్లుల్లి పొట్టు కూడా ఉండదు. ఇంగువలో ఏదైనా కలిసిందేమోనని డబ్బా మార్చాను. ఊరగాయ జాడీలు అవతల పెట్టాను. రోలు, మిక్సీ గిన్నె చింతపండు వేసి తోమాను. లవంగం నమిలాను, ఏలకులు నమిలాను. ఏలకుల వాసనతో కలిస్తే ఇంకా ఘోరంగా ఉండేది. పళ్లు రెండుసార్లు తోముకుని మేడ ఎక్కినా, పాట రెండో చరణానికి వచ్చేసరికి ముందు వరసలో వాళ్ల చీర కొంగులు మెల్లగా ముక్కుల దగ్గరికి చేరేవి. వాళ్లు దాచాలనే చూశారు. దాచాలని చూడడమే నాకు ఎక్కువ బాధగా ఉండేది.

మా గోష్ఠికి పెద్ద, మృదంగం వాయించే ఒక ముసలాయన. నాన్న స్నేహితుడు. నేను మామా అని పిలుస్తాను. ఒక సాయంత్రం అందరూ లేస్తుండగా నన్ను ఆగమన్నాడు. కానీ ఎవరూ పూర్తిగా వెళ్లలేదు, మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటూ నిలబడ్డారు.

"అమ్మా, తప్పుగా అనుకోవద్దు. వైద్యానికి ఏమన్నా తెల్లగడ్డ తింటా ఉండావా? అయితే పరవాలేదు. స్వామి మందుకి కోపం చేసుకోడు. నలుగురికీ ఒక మాట చెప్పేస్తే అయిపోతాది."

ఎంత మంచిగా అడిగాడో ఇప్పుడు తెలుస్తోంది. నాకు ఒక దారి చూపించాడు. ఆ రోజు మాత్రం నాకు ఒళ్లు మండిపోయింది. దేవుడి అర దగ్గరికి వెళ్లి కర్పూరం తెచ్చాను. మా వైపు సత్యం చేయాలంటే వెలుగుతున్న కర్పూరాన్ని చేత్తో ఆర్పుతారు. అబద్ధం ఆడి ఆర్పితే ఇల్లు నిలవదని నమ్మకం. మామ వద్దు వద్దు అంటూ లేచేలోపే తమలపాకు మీద కర్పూరం వెలిగించి, అందరూ చూస్తుండగా అరచేత్తో నొక్కేశాను.

"మీ అందరి మాదిరే పప్పన్నం, స్వామి ప్రసాదం. అంతే నా నోట్లో పడింది. ఇంకేమన్నా పడుంటే ఈ పాట నాకొద్దు."

అందరూ తల వంచి చెప్పులు తొడుక్కున్నారు. తాళింపు అన్నామె కూడా తల దించుకుంది. గెలిచాననుకున్నాను. కానీ మర్నాడు పాట ఎత్తుకోగానే కొంగులు మళ్లీ ముక్కుల దగ్గరికి వెళ్లాయి. నా సత్యం వాసనను ఆపలేదు. ముందు రోజు దాకా వాళ్ల లెక్కలో నేను వ్రతంలో వెల్లుల్లి తిన్నదాన్ని. ఆ రోజు నుంచి కర్పూరం మీద అబద్ధం ఆడినదాన్ని.

కృత్తిక దగ్గర పడుతోంది. ఉన్న ఒక్క గౌరవం చేజారిపోతుందన్న భయంతో తిరుత్తణి రైలెక్కాను. కిటికీ పక్క సీటు పట్టుకుని, ఎదుటివాళ్ల మీదికి ఊపిరి పోకుండా మొహం బయటికి పెట్టి కూర్చున్నాను. తిరువాలంగాడు స్టేషన్లో ఎక్కినామె చంటిబిడ్డను నా పక్కన పడుకోబెట్టబోతే, వద్దని లేచి నిలబడ్డాను.

చెల్లెలు అంగడిలో కావడికి కట్టే నెమలి ఈకలు విడదీస్తోంది. నా మాట మొత్తం వింది. తర్వాత నా ముఖం దగ్గరగా ముఖం పెట్టి వాసన చూసి వెనక్కి జరిగింది.

"అక్కా, నాతో దాచొద్దు. నోరు కట్టుకోలేక అంగట్లో కొన్న మురుకులో పకోడీలో ఏందో తిన్యావు. తింటే తిన్యావు, కర్పూరం ఎందుకు ఆర్పినావు?"

గోష్ఠిలో అంతమంది అనుమానించినా నేను ఏడవలేదు. అప్పుడు ఏడ్చాను. నాతో ఒకే కంచంలో తిన్న మనిషి కూడా నమ్మకపోతే ఇక నన్ను నమ్మేవాళ్లు ఎవరు? చెల్లెలు ఓదార్చడానికన్నట్టు నన్ను కూర్చోబెట్టి, జడ విప్పి మళ్లీ వేసి కనకాంబరాలు పెట్టబోయింది. జడలోంచి చేయి తీసింది. ముందుకు చాచి చూపించింది. గుప్పెడు వెంట్రుకలు, కుదుళ్లతో సహా. అంగడి పక్కామెకు అప్పజెప్పి, నన్ను వెంటబెట్టుకుని వెంటనే తిరువళ్లూరు డాక్టరు దగ్గరికి బయలుదేరింది.

ఆ డాక్టరమ్మ మా ఇంటి అందరికీ తెలిసినావిడే. నా గోళ్లు వెలుతురులో పెట్టి చూసింది. ఇంకేం మాత్రలు వేసుకుంటున్నారని అడిగింది. థైరాయిడ్ మాత్ర ఒక్కటే అన్నాను. అవునని నా చెల్లెలు తలూపింది. ఆకు మందులు, లేహ్యాలు, టానిక్కులు ఏమీ లేవా అని మళ్లీ అడిగింది. లేవని ఇద్దరం ఒకే గొంతుతో చెప్పాం. దేవుడి సాక్షిగా, ఇద్దరం నిజమే చెబుతున్నాం అనుకున్నాం.

డాక్టరమ్మ ఏదో రాసుకుంటుంటే చెల్లెలు గోడ గడియారం చూసి, కొంచెం నీళ్లిస్తారా, స్వామి ప్రసాదం వేసుకునే వేళయింది అంది. సంచిలోంచి గంధం పొట్లం తీసి నీళ్లలో కలిపింది. పసుపు గుడ్డ విప్పి సీసా తీసింది. నేను కూడా ఇంటి నుంచి సంచిలో వేసుకొచ్చిన నా సీసా తీశాను. మాత్ర అరచేతిలో పడ్డాక, డాక్టరమ్మ కలం ఆగిపోయింది.

"అదేంటమ్మా?"

"ప్రసాదం," అన్నాను.

ఆ మాట అంటూనే నా చేతిలోకి చూసుకున్నాను. గులాబి రంగు గొట్టం. రెండు సగాలు కలిసిన చోట గీత. అన్ని నెలల్లో మొదటిసారి అది నాకు మాత్రలా కనిపించింది. ఆ అరచేత్తోనే కర్పూరం ఆర్పాను. ప్రసాదం తప్ప ఇంకేమీ పడలేదని అన్నాను.

డాక్టరమ్మ సీసా మీది సన్నటి అక్షరాలు చదివింది. తర్వాత ఓపికగా చెప్పింది. సెలీనియం మట్టిలోంచి పైరుకు, పైరులోంచి మనకు వచ్చేదే. థైరాయిడ్‌కు కావలసిందే, కానీ చిటికెలో వందో వంతు కూడా కాదు. ఈ మాత్రలో ఉన్నది చాలా ఎక్కువ. ఎక్కువైనదాన్ని ఒళ్లు బయటికి నెట్టేస్తుంది. కొంత మూత్రంలో పోతుంది, కొంత ఊపిరిలో పోతుంది. ఊపిరిలో పోయేది అచ్చం వెల్లుల్లి వాసనే వస్తుంది. జుట్టు రాలడం, గోళ్లు విరగడం దాని వల్లే అయ్యుండాలి, రక్తపరీక్షతో తేలిపోతుంది అంది.

చెల్లెలు ఒప్పుకోలేదు. "నేనూ అదే మింగతా ఉండా గదా డాక్టరమ్మా, అదే దినం నుంచి. ఒకే కడుపున పుట్టినోళ్లం. మరి నా నోట్లో యాడుంది వాసన?"

డాక్టరమ్మ మా ఇద్దరి చేతులూ బల్ల మీద పక్కపక్కన పెట్టించింది. చెల్లెలి గోళ్లు ఎప్పటిలాగే నున్నగా మెరుస్తున్నాయి. నావి సున్నం రాలిన గోడలా ఉన్నాయి. అమ్మ దగ్గర సగం, నాన్న దగ్గర సగం తీసుకునే ఇద్దరూ పుట్టారు, కానీ మీరు తీసుకున్న సగాలు ఈమె తీసుకున్న సగాలు ఒకటి కావు అంది. తిన్న సెలీనియాన్ని పట్టుకుని, మోసుకుపోయి, వాడుకుని, మిగిలింది బయటికి పంపే పనిముట్లు ప్రతి ఒంట్లోనూ ఉంటాయట. వాటిని ఎలా తయారు చేయాలో జన్యువుల్లో రాసి ఉంటుందట. ఆ రాతలో చిన్న చిన్న తేడాలుంటాయి. అందుకే ఒకే తిండి తిన్నా ఒకరి రక్తంలో తక్కువ నిలుస్తుంది, ఇంకొకరిలో ఎక్కువ నిలుస్తుంది. ఒకరు మూత్రంలో వదిలేస్తారు, ఇంకొకరు ఊపిరిలో వదులుతారు. మీ ఇద్దరిలో కచ్చితంగా ఏ తేడా ఉందో పరీక్షించకుండా చెప్పలేనని, చెప్పగలిగినా చేయాల్సింది ఒకటేనని అంది. ఆపేయాలి. వాసన లేదు కదా అని చెల్లెలు కూడా కొనసాగించకూడదు.

రక్తపరీక్షల ఫలితాలు వచ్చాయి. ఇద్దరిలోనూ ఉండాల్సినదానికంటే ఎక్కువే ఉంది. నాలో మరీ ఎక్కువ. చెల్లెలు ఆ కాగితం మడిచి పెట్టుకుని, నా వైపు చూడకుండా, "నిన్ను దొంగతిండి తిన్యావంటిని," అంది.

మామ దగ్గరికి వెళ్లి, మాత్రల సంగతంతా చెప్పి, ప్రసాదాన్ని మధ్యలో వదిలేస్తే పాపమా అని అడిగాను. నా ప్రశ్న విని ఆయన మృదంగం మీద చేయి ఆనించి నవ్వాడు. "స్వామి ఇచ్చింది గంధమమ్మా. సీసా మీరే కొండకి ఎత్తుకుపోయినారు."

ఆ సాయంత్రం గోష్ఠిలో అంతా చెప్పాను. నా గోళ్లు చూపించాను. కర్పూరం ఆర్పినప్పుడు నాకు తెలియదని చెప్పాను. తెలియకపోయినా, స్వామి పేరును నా మొండితనానికి అడ్డం పెట్టుకున్నానని చెప్పాను. తాళింపు అన్నామె, అట్లయితే మీ చెల్లెలికి ఎందుకు రాలేదని అడిగింది. డాక్టరమ్మ మాటలు నాకు వచ్చినట్టు చెప్పాను. కొందరు తలూపారు. నమ్మారనే అనుకుంటున్నాను. కానీ నమ్మకం మనసుకు ఎక్కినంత తొందరగా ముక్కుకు ఎక్కదు. పాట మొదలుపెట్టగానే ఆ కొంగులు మళ్లీ లేచాయి. వాళ్ల తప్పు లేదు. మాత్ర మానేసినా వాసన పూర్తిగా పోవడానికి వారాలు పడుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది.

కృత్తిక నాటికి వాసన పోలేదు. కొండ కింద జనం, కావళ్లు, మేళాలు. మొదటి మెట్టు దగ్గర మా గోష్ఠి గుండ్రంగా నిలబడింది. మామ నన్నే పాడమన్నాడు. నేను నోటికి గుడ్డ కట్టుకుని వచ్చాను. తల అడ్డంగా ఊపి వెనక్కి జరిగాను. మాట ఇచ్చింది నేనే కదా, ఇంకేమన్నా పడుంటే ఈ పాట నాకొద్దని. పసుపు కుంకుమ పెట్టిన మెట్టు ముందు ఎవరూ ఎత్తుకోని పాట అట్లాగే ఆగి ఉంది.

అప్పుడు చెల్లెలు ముందుకు వచ్చింది. మా చెల్లెలికి గొంతు లేదు. నాన్న చిన్నప్పుడే చెప్పేశాడు, నువ్వు తాళం వెయ్యమ్మా చాలు అని. జీవితంలో పదిమందిలో పాడి ఎరగదు. కళ్లు గట్టిగా మూసుకుని, నాన్న పాటను ఎక్కడో అందని చోట ఎత్తుకుంది. రెండో మాటకే గొంతు చీలిపోయింది. కావడి కుర్రాళ్లు మొహాలు చూసుకున్నారు. ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. ఆమె చెవులు ఎర్రగా అయ్యాయి, కానీ ఆపలేదు.

నేను వెనక నిలబడి సిగ్గుతో చచ్చిపోయాను. నా కోసం ఆమె నవ్వులపాలవుతున్నందుకు అయ్యుంటే బాగుండేది. కాదు. నాన్న పాట పాడైపోతోందని, ఈమె మా ఇంటి మనిషని అందరికీ తెలుసు కదా అని సిగ్గుపడ్డాను. అన్ని రోజులూ నా ఒంట్లో ఉన్నదానికి జనం ముక్కు మూసుకుంటే కుమిలిపోయినదాన్ని, నా చెల్లెలి ఒంట్లో లేనిదానికి నేను మొహం తిప్పుకున్నాను. నా నోరు ఆమెకు లేదు, ఆమె గోళ్లు నాకు లేవు. ఎవరం అడిగి తెచ్చుకున్నాం?

గుడ్డ విప్పాను. ముందుకు పోలేదు. ఆమె వెనకాలే, ఆమె భుజం మీదుగా, ఆమె ఎత్తుకున్న ఆ తప్పు శ్రుతిలోనే కలిశాను. నా ఊపిరి ఆమె చెంపకు తగిలే ఉంటుంది. ఆమె పక్కకు జరగలేదు. మామ మృదంగం అందుకున్నాడు. ఆ శ్రుతిలోనే అందరూ పాడి మెట్లెక్కారు.

ఇప్పుడు వాసన లేదు. గోళ్లు కింది నుంచి మంచివి వస్తున్నాయి, చివర్లలో మాత్రం ఇంకా ఆ తెల్లటి గీతలున్నాయి. మా ఆయన మళ్లీ వంటింట్లో నిలబడి కాఫీ తాగుతున్నాడు. వచ్చే కృత్తికకు పాట ఎవరు ఎత్తుకోవాలని మామ అడిగితే, చెల్లెలే అని చెప్పాను. ఆ మాట ప్రేమతో అన్నానో, సిగ్గుతో అన్నానో నాకే తెలియదు. స్వామికి తెలుసు.

ఇది చదువుతున్నవారు ఎవరైనా, ఏ స్వామిని కొలిచేవారైనా, ఒక్క నిమిషం నాతో కలిసి చేతులు జోడించండి. నాతో పాటు అడగండి. స్వామీ, ఒక్కొక్క ఒంటిని ఒక్కొక్క తీరుగా అల్లినవాడా, నీ పేరును మా పంతానికి వాడుకోకుండా మా నోళ్లను కాపాడు. తమ తప్పు లేకుండా ఒంటి వల్ల అనుమానాలపాలైనవాళ్ల పక్కన నిలబడు. పక్కనున్నవాళ్ల ఊపిరి మా చెంపకు తగిలినప్పుడు, మేము జరిగిపోకుండా నిలబడే మనసు ఇవ్వు.